ఎర్రగుడి బండ మీద ఈజిప్టు రాజు పేరు!

బాగేపల్లికి నాలుగు గంటల దూరంలో అశోకుడి మాట.. రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయిన ఒకే కథ

బాగేపల్లిలో పొద్దున్నే అనంతపురం వైపు బస్సెక్కితే కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర రాష్ట్రం మారుతుంది. బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు వస్తుంది. బస్సులో మాట మాత్రం మారదు. పెనుకొండ, అనంతపురం దాటి గుత్తిలో దిగి పత్తికొండ దారి పట్టాలి. పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోతే ఎర్రగుడి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. బాగేపల్లి నుంచి లెక్కేసుకుంటే సుమారు 180 కిలోమీటర్లు.

ఊరి దగ్గర చిన్న గుట్ట. దాని మీద మన వైపు గుట్టల మీద ఉన్నట్టే పెద్ద పెద్ద గుండ్లు. దగ్గరికి పోయి చూస్తే ఆ గుండ్ల నిండా అక్షరాలు. కూడిక గుర్తులు, సున్నలు, గీతలు. చూడటానికి పిల్లాడు గీసిన లెక్కల్లా ఉంటాయి.

అందులో ఒకచోట తురమాయ అనే పేరుంది. ఆయనెవరో కాదు.. ఈజిప్టును ఏలిన రెండో టోలమీ! ఆయన పక్కనే సిరియా రాజు రెండో ఆంటియోకస్, మాసిడోనియా రాజు ఆంటిగోనస్, ఆఫ్రికా ఉత్తర తీరాన ఉన్న సైరీన్ రాజు మాగస్, అలెగ్జాండర్ అనే మరో గ్రీకు రాజు. మొత్తం ఐదుగురు. వీళ్ళ రాజ్యాల వరకూ తన ధర్మం చేరిందని అశోక చక్రవర్తి చెక్కించిన మాట అది. క్రీస్తు పూర్వం 255 ప్రాంతం నాటిది. అంటే దాదాపు 2,280 ఏళ్ళ కిందట మన పక్క రాష్ట్రం గుట్ట మీద కూర్చుని ఒక శిల్పి ఈజిప్టు రాజు పేరు చెక్కాడన్నమాట.

బుద్ధుడు పుట్టింది లుంబినిలో, తిరిగింది గంగ ఒడ్డున. ఆయన మాట ఇంత దూరం ఎలా వచ్చింది? ఎవరు మోసుకొచ్చారు? ఆ సంగతి తెలియాలంటే చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి జనం రాష్ట్రం గీతను కాసేపు పక్కనబెట్టి చూడాలి.

సాలు తిరిగినట్టు రాత

ఎర్రగుడి శాసనాన్ని 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించారు. అంతకు ముందు దాకా అవి గొర్రెల కాపరులు చేరగిలబడే గుండ్లే. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితో పాటు చిన్న శిలాశాసనమూ ఒకేచోట ఉండటం ఇక్కడి విశేషం.

చిన్న శాసనంలో ఒక చిత్రముంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. కొన్ని కుడి నుంచి ఎడమకు. అరక కట్టిన ఎద్దులు చేను చివరికి పోయి సాలు తిరిగి వచ్చినట్టు. బ్రాహ్మీ లిపి ఎడమ నుంచే రాయాలి. కుడి నుంచి రాసే లిపి ఆ రోజుల్లో ఖరోష్ఠి. అది గాంధార దేశంలో, అంటే ఇప్పటి పెషావర్ ప్రాంతంలో వాడుకలో ఉండేది. అక్కడి రాతకు అలవాటు పడ్డ చేయి ఇక్కడికి వచ్చి ఉంటుందా అన్న అనుమానం పండితులకు ఊరికే రాలేదు. దానికి సాక్ష్యం మరో గుట్ట మీద దొరికింది. ఆ సంగతి తర్వాత.

ఎర్రగుడి బండ మీద ఇంకొక మాట చదవాలి. అది కళింగ యుద్ధం ముచ్చట. లక్ష మంది చచ్చారు, లక్షా యాభై వేల మందిని ఉన్న ఊళ్ళ నుంచి తరలించారు, అది తల్చుకుంటే నాకు బాధగా ఉందని రాజు స్వయంగా చెప్పుకున్న శాసనం అది. పదమూడోది. ఇది కళింగంలోని ధౌళిలో లేదు. జౌగడలోనూ లేదు. దెబ్బ తిన్న జనం కళ్ళెదుట ఆ మాట చెక్కించలేదు. వందల కోసుల దూరంలో మన రాయలసీమ గుట్ట మీద చెక్కించాడు. పశ్చాత్తాపం నిజమే కావచ్చు, అందులో రాజకీయమూ ఉంది!

సరిహద్దు జనానికి బావులు, మందులు

ఎర్రగుడిలోనే ఉన్న రెండో శాసనం మన పేజీ పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది. ఎందుకంటే అందులో సరిహద్దుల మాట వస్తుంది. తన రాజ్యంలోనూ, దాని అంచున ఉన్న చోళ, పాండ్య, సతియపుత్ర, కేరళపుత్ర దేశాల్లోనూ, తామ్రపర్ణి వరకూ, ఇటు యవన రాజు ఆంటియోకస్ రాజ్యంలోనూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానంటాడు అశోకుడు. ఒకటి మనుషులకు. రెండోది పశువులకు. మందు మొక్కలు, వేర్లు, పండ్లు ఎక్కడ లేకపోతే అక్కడికి తెప్పించి నాటించానంటాడు. దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించానంటాడు.

బోరు వెయ్యి అడుగులు దించినా తడి తగలని మన తాలూకాల వాళ్ళకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు. దారిలో బావి తవ్వించినవాడి పేరు ఊరు మర్చిపోదు. బౌద్ధం కొత్త నేలకు ఎలా పాకిందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. వాద ప్రతివాదాలతో కాదు. నీళ్ళతో, నీడతో, గొడ్డుకు రోగమొస్తే మందుతో.

అయితే ఒక్క విషయం తేటగా చెప్పుకోవాలి. ఈ శాసనాల్లో ఉన్న ‘ధమ్మం’ అంటే అచ్చంగా బౌద్ధ మతం కాదు. నాలుగు ఆర్య సత్యాలు, నిర్వాణం అనే మాటలు వీటిల్లో కనిపించవు. అమ్మానాన్నల మాట వినండి, పెద్దల్ని గౌరవించండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి. ఇదీ సారం. ఎవరి మతంలో వాళ్ళున్నా ఒప్పుకోగల మాటలు. కానీ చిన్న శాసనంలో రాజు తన సంగతి దాచుకోలేదు. తాను ఉపాసకుడినై రెండున్నరేళ్ళు దాటిందనీ, మొదట్లో పెద్దగా ప్రయత్నించలేదనీ, సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా పట్టుకున్నాననీ ఒప్పుకున్నాడు. గొప్పవాళ్ళకే కాదు, చిన్నవాళ్ళకూ ప్రయత్నిస్తే స్వర్గం దక్కుతుందని కూడా చెప్పించాడు. ఆ రోజుల్లో ఒక చక్రవర్తి నోట ఆ మాట రావడం చిన్న సంగతేం కాదు.

యుద్ధభేరి మోగే చోట ధర్మభేరి మోగుతోందని నాలుగో శాసనంలో చెప్పుకున్నాడు. మన పల్లెల్లో తప్పెట కొట్టి చాటింపు వేసినట్టు అనుకుంటే ఆ పోలిక వెంటనే అర్థమవుతుంది.

మొలకాల్మూరు గుట్టల్లో గాంధార లేఖరి

ఇప్పుడు కర్ణాటక వైపు రండి. రాయదుర్గం దాటి చిత్రదుర్గ జిల్లాలోకి అడుగుపెడితే మొలకాల్మూరు. పట్టుచీరల ఊరుగా మనకు తెలుసు. ఆ తాలూకాలోనే బ్రహ్మగిరి, సిద్దాపుర, జటింగ రామేశ్వర అనే మూడు చోట్ల అశోకుడి శాసనాలున్నాయి. మూడూ ఒకదానికొకటి దగ్గరే. 1892లో వీటిని లోకానికి చూపించినవాడు బి.ఎల్.రైస్. బెంగళూరులో పుట్టిన ఇంగ్లీషాయన. మైసూరు సంస్థానమంతా శాసనాలు వెతికించిన మనిషి.

ఈ రైస్ మనకు కొత్తవాడు కాడు. చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో ఏర్పడింది. అంతకు ముందు మనమంతా కోలారు జిల్లా కిందే. ఆ కోలారు జిల్లా శాసనాల సంపుటాన్ని 1905లో తెచ్చింది ఆయనే. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లో గుడి గోడల మీద, పొలాల్లోని వీరగల్లుల మీద ఉన్న రాతలు ఆ పుస్తకంలోకి ఎక్కాయి. మన చేలో రాయి మీద ఏముందో తెలిసినా, బ్రహ్మగిరి గుండు మీద ఏముందో తెలిసినా అది ఒకే మనిషి పట్టుదల.

బ్రహ్మగిరి శాసనం మొదలయ్యే తీరు సర్కారీ ఉత్తరం లాగే ఉంటుంది. సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు, అంటే రాజకుమారుడు, అక్కడి మహామాత్రులు కలిసి ఇసిలలో ఉన్న మహామాత్రుల్ని ముందుగా క్షేమం అడుగుతారు. ఆ తర్వాతే హుకుం. జిల్లా కచేరీ నుంచి తాలూకా కచేరీకి కాగితం వచ్చినట్టు! సువర్ణగిరి అంటే ఎర్రగుడికి దగ్గర్లోని జొన్నగిరి అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మస్కి అన్నవాళ్ళూ, కనకగిరి అన్నవాళ్ళూ ఉన్నారు. ఇసిల మాత్రం బ్రహ్మగిరి పక్కనే ఉండేది. ఆ పేరు కన్నడ మాటేనని వాదించిన పండితులున్నారు.

జొన్నగిరి మాటే నిజమైతే చూడండి. పై కచేరీ ఇప్పటి ఆంధ్రలో, కింది కచేరీ ఇప్పటి కర్ణాటకలో. మధ్యలో చెక్‌పోస్ట్ లేదు.

శాసనం చివర రాసినవాడి పేరుంది. చపడ. తన పేరు బ్రాహ్మీలో రాసి, ‘లేఖరి’ అనే మాటను మాత్రం ఖరోష్ఠి లిపిలో రాశాడు. తనకు ఆ లిపి కూడా వచ్చునని చూపించుకున్నాడేమో. గాంధారం నుంచి మొలకాల్మూరు దాకా ఎన్ని నదులు, ఎన్ని అడవులు దాటాలో ఊహించుకోండి. ఎర్రగుడిలో సాలు తిరిగిన రాతకు అనుమానం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. బౌద్ధం ఒంటరిగా రాలేదు. దానితో పాటు రాతా వచ్చింది, రాసే చేతులూ వచ్చాయి.

అప్పటికి ఇక్కడ అడవి తప్ప ఏమీ లేదనుకోకూడదు. 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపితే కింది పొరలో రాతి గొడ్డళ్ళ కాలం నాటి మనుషుల జాడలు, ఆ పైన పెద్ద పెద్ద రాళ్ళతో సమాధులు కట్టిన ఇనుప కాలం వాళ్ళ జాడలు దొరికాయి. ఇనుము కరిగించడం, చెరువు కింద వ్యవసాయం, చనిపోయినవాళ్ళకు రాతి గూడు కట్టడం తెలిసిన జనం వాళ్ళు. అశోకుడి మాట ఆ మనుషుల మధ్యకు వచ్చింది.

బంగారం పిలిచిందా?

శాసనాలున్న చోట్లను పటం మీద చుక్కలుగా పెట్టి చూడండి. కర్ణాటకలో మస్కి, కొప్పళలోని గవిమఠ, పాల్కిగుండు, బళ్ళారి జిల్లాలో నిట్టూరు, ఉదెగోళం, మొలకాల్మూరు తాలూకాలోని మూడు, కలబురగి జిల్లాలో సన్నతి. ఆంధ్రలో ఎర్రగుడి, పత్తికొండ దగ్గరి రాజుల మందగిరి. పాటలీపుత్రం నుంచి ఇంత దూరం వచ్చి ఇక్కడే ఇన్ని ఎందుకు?

చాలామంది చెప్పే కారణం బంగారం. మస్కి శాసనాన్ని 1915లో గుర్తించిన బీడన్ బంగారు గనుల ఇంజనీరు. దానికి దగ్గర్లోనే హట్టి గనులు. జొన్నగిరి చుట్టూ బంగారం, వజ్రాల నేల. సువర్ణగిరి అనే పేరులోనే సంగతి ఉంది. బంగారమంటే కోలారు జిల్లా పాతవాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది! మగధ సర్కారు ఈ వైపు అధికారుల్ని పెట్టింది ధర్మం కోసమేనా, ఖజానా కోసం కూడానా అంటే రెండూ అనుకోవడమే న్యాయం. పన్ను వసూలుకు వేసిన దారిలోనే భిక్షువూ నడిచాడు, సెట్టీ నడిచాడు.

మస్కి శాసనానికి మరో గొప్పతనముంది. మిగతా చోట్ల రాజు తనను ‘దేవానాంప్రియ’, ‘ప్రియదర్శి’ అనే చెప్పుకున్నాడు. అదెవరన్నది చాలాకాలం చిక్కుముడి. అశోక అనే పేరు మస్కిలో దొరికాక ముడి వీడింది. తర్వాత బళ్ళారి జిల్లా నిట్టూరు, ఉదెగోళంలోనూ ఆ పేరు బయటపడింది. సన్నతి పక్కనే ఉన్న కనగనహళ్ళిలో 1990లలో పురావస్తు శాఖ స్తూపం తవ్వినప్పుడు రాజు బొమ్మే దొరికింది. కింద బ్రాహ్మీలో ‘రాయో అసోక’ అని చెక్కి ఉంది.

మహిషమండలం మైసూరేనా?

రాజు మనుషుల సంగతి సరే. మరి భిక్షువుల మాటేమిటి? దానికి సింహళంలో పాళీ భాషలో రాసుకున్న గ్రంథాలు సాక్ష్యం. పాటలీపుత్రంలో మొగ్గలిపుత్త తిస్సుడి ఆధ్వర్యంలో మూడో సంగీతి జరిగాక తొమ్మిది దిక్కులకు తొమ్మిది బృందాల్ని పంపారని మహావంసం చెబుతుంది. లంకకు అశోకుడి కొడుకు మహిందుడు. కశ్మీర గాంధారాలకు మజ్ఝంతికుడు. యవన దేశానికి మహారక్ఖితుడు. సువర్ణభూమికి సోణుడు, ఉత్తరుడు. ఈ పట్టీలో మన వైపు పేర్లు రెండున్నాయి. వనవాసానికి రక్ఖితుడు, మహిషమండలానికి మహాదేవుడు.

వనవాసం అంటే ఉత్తర కన్నడ జిల్లాలోని బనవాసి. ఇందులో పెద్ద తగాదా లేదు. మహిషమండలం దగ్గరే పేచీ. అది మైసూరు సీమేనని రైస్ వంటివారు అన్నారు. కాదు, నర్మదా తీరంలోని మాహిష్మతి అని ఫ్లీట్ వంటివారు వాదించారు. నూరేళ్ళు దాటినా తేలలేదు. మైసూరే అయితే మహాదేవుడు మన గుట్టల్ని చూసే ఉంటాడని సంబరపడొచ్చు. కాకపోయినా నష్టం లేదు. బ్రహ్మగిరి రాయి ఎక్కడికీ పోదు కదా!

అసలు ఆ తొమ్మిది బృందాల కథ కట్టుకథ కాదా అన్నవాళ్ళూ ఉన్నారు. దానికి జవాబు సాంచి దగ్గర దొరికింది. 1851లో కన్నింగ్‌హామ్ అక్కడి స్తూపాలు తెరిస్తే అస్థికల భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద మొగ్గలిపుత్తుడి పేరు, హిమాలయ దేశాలకు వెళ్ళిన మజ్ఝిముడి పేరు, కస్సపగోత్తుడి పేరు ఉన్నాయి. కస్సపగోత్తుణ్ణి హిమవంతమంతటికీ ఆచార్యుడని చెక్కారు. లంకలో ఎన్నో వందల ఏళ్ళ తర్వాత రాసుకున్న పేర్లు మధ్యప్రదేశ్‌లో మట్టి కింద కనిపించాయంటే పట్టీలో కొంతైనా నిజముందన్నమాట.

రాతి మీద ప్రాకృతం.. జనం చెవిలో ఏ భాష?

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. ఎర్రగుడిలోనూ బ్రహ్మగిరిలోనూ శాసనాల భాష ప్రాకృతం. ఇక్కడి జనం మాట్లాడింది అది కాదు. పడమటి సరిహద్దున కాందహార్‌లో 1958లో బయటపడ్డ అశోకుడి శాసనం గ్రీకులో, అరామాయిక్‌లో ఉంది. అక్కడి జనం భాషల్లోకి మార్పించాడు. మన దగ్గర అలా చేయలేదు. మన భాషలు అప్పటికింకా రాతకెక్కలేదు.

మరి రాజు మాట పల్లెకు ఎలా చేరింది? ఎర్రగుడి శాసనమే దారి చెబుతుంది. రజుకులనే అధికారులకు ఆజ్ఞ ఇవ్వాలి, వాళ్ళు జనపదానికి చెప్పాలి, ఏనుగుల మావటీలకూ, కరణాలకూ, పాఠాలు చెప్పే బ్రాహ్మణులకూ చెప్పాలి, గురువులు శిష్యులకు నేర్పాలి. అంటే రాయి సాక్షి మాత్రమే. పని చేసింది నోళ్ళు. మగధ మాటను విని, ఊరి మాటలో తిప్పి చెప్పగలిగిన మనుషులు ప్రతి కచేరీ దగ్గరా ఉండి తీరాలి. వాళ్ళ పేర్లు ఏ బండ మీదా లేవు. ఈజిప్టు రాజు పేరుంది, లేఖరి పేరుంది. దుబాసీ పేరు మాత్రం లేదు.

ఆ దుబాసీ ఎలాంటివాడో మనకు వేరే చెప్పాలా? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. రైతు తెలుగులో చెప్పింది తాలూకా కచేరీలో కన్నడంలో అర్జీ అవుతుంది. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్యగారు తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. అందుకే గీతకు రెండు వైపులా భజనల్లో ఆయన ఉన్నారు. ఒక మతమైనా, ఒక మంచి మాటైనా కొత్త సీమలోకి దిగాలంటే రెండు భాషలు తెలిసినవాడి భుజం ఎక్కాల్సిందే. సరిహద్దు వాళ్ళు ఏ రాష్ట్రానికీ పూర్తిగా చెందరని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఈ బండల దగ్గరికి ఒకసారి పోయి రావాలి.

బనవాసి కోడలు

వచ్చిన మాట ఇక్కడే ఆగలేదు. ఇక్కడి నుంచి మళ్ళీ బయల్దేరింది. కృష్ణా తీరాన భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ రాతి భరిణెలు బయటకు తీశారు. వాటి మీద దాతల పేర్లున్నాయి. ఒక రాజు పేరు, దానితో పాటు ‘నెగమ’ సభ్యుల పేర్లు. నెగమ అంటే వర్తకుల కూటమి. దారి మగధ సర్కారుది కావచ్చు, ఖర్చు పెట్టుకున్నది ఊరి వ్యాపారులు. మౌర్యులు పోయాక కూడా బౌద్ధం ఆంధ్రలో నాలుగైదు వందల ఏళ్ళు వర్ధిల్లిందంటే కారణం ఇదే.

క్రీస్తు శకం మూడో శతాబ్దంలో నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజులు ఏలారు. వీరపురుషదత్తుడి 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. ఎవరి కోసం? కశ్మీరం, గాంధారం, చీనా, యవన, వంగ, వనవాసి, ద్రవిడ, తామ్రపర్ణి దేశాల జనానికి ధర్మం పట్ల శ్రద్ధ కలిగించిన తామ్రపర్ణి ఆచార్యుల కోసం. ఆ దేశాల పట్టీ శాసనంలో స్పష్టంగా ఉంది. ఆరేడు తరాలు కాదు, ఐదు వందల ఏళ్ళ తర్వాత కూడా మహావంసం పట్టీ లాంటిదే మన కృష్ణ ఒడ్డున ఒక ఆడమనిషి చెక్కించింది.

అక్కడే మరో శాసనం. వీరపురుషదత్తుడి కూతురు కొడబలిసిరి. వనవాస మహారాజు భార్య. తమ్ముడో అన్నో అయిన ఎహువుల శాంతమూలుడి 11వ ఏట పుట్టింటి ఊళ్ళో మహిశాసక శాఖ భిక్షువులకు విహారం కట్టించింది. తెలుగు గడ్డ ఆడపడుచు, కన్నడ సీమ కోడలు! పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి ఇటు గోరంట్ల, కదిరి, హిందూపురం, అటు బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి తేడా లేని మనకు ఈ సంబంధం చాలా దగ్గరగా అనిపిస్తుంది. పెళ్ళి బండి వెంటే ధర్మం కూడా అటూ ఇటూ తిరిగింది.

తర్వాత కాలంలో జైనం, శైవం, వైష్ణవం బలపడ్డాయి. అయినా బౌద్ధం కర్ణాటకలో ఒక్కసారిగా మాయం కాలేదు. మంగళూరు కద్రి గుడిలోని లోకేశ్వరుడి కంచు విగ్రహం 968 నాటిది. గదగ జిల్లా డంబళలో 1095లో తారాదేవికీ, బుద్ధ విహారానికీ దానం చేసింది పదహారు మంది సెట్లు. చివరి దీపం కూడా వర్తకులదే. 1960లలో టిబెట్ నుంచి వచ్చినవాళ్ళు మైసూరు జిల్లా బైలకుప్పెలో స్థిరపడ్డారు. ఒకప్పుడు దక్షిణం నుంచి బయటికి పోయిన మాట హిమాలయాలు దిగి తిరిగొచ్చింది.

పిల్లల్ని తీసుకెళ్ళండి

ఇంత కథ ఉన్నా మన పిల్లలకు ఇది రెండు ముక్కలుగానే తెలుస్తుంది. ఇటువైపు బడిలో మస్కి, బ్రహ్మగిరి. అటువైపు బడిలో ఎర్రగుడి, అమరావతి. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. సువర్ణగిరి నుంచి ఇసిలకు వచ్చిన ఉత్తరం రెండు రాష్ట్రాల పుస్తకాల మధ్య ఎక్కడో తప్పిపోయింది.

దీన్ని కలపడానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఏటా బడి టూరంటే పిల్లల్ని మైసూరు ప్యాలెస్‌కో, ఏదో వాటర్ పార్కుకో తీసుకెళ్తుంటాం. ఒక ఏడు దారి మార్చి ఒక రోజు ఎర్రగుడి, రెండో రోజు బ్రహ్మగిరి చూపించండి. వెళ్ళే ముందు నల్లబల్ల మీద బ్రాహ్మీ అక్షరాలు నాలుగు రాసి చూపిస్తే చాలు. కూడిక గుర్తు ‘క’. వట్టి సున్న ‘ఠ’. సున్నలో చుక్క పెడితే ‘థ’. ఇవి తెలిస్తే పిల్లలు బండ మీద అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెడతారు. తెలుగు ‘ఠ’, కన్నడ ‘ఠ’ ఇవాళ్టికీ గుండ్రంగానే ఎందుకున్నాయో వాళ్ళకే తెలుస్తుంది. రెండు లిపులకూ తల్లి ఒక్కటే.

మన తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. కన్నడం చదివిన పిల్లాడికి తెలుగు అక్షరాలు పట్టుబడటానికి పది రోజులు చాలు. అంత దగ్గరి లిపులివి. ఆ పది రోజులు పెట్టకపోతే మాత్రం, మరో తరానికి రెండు భాషల మనిషి మన ఊళ్ళోనే దొరకడు. బండ మీద పేరు లేని ఆ దుబాసీ లాగే, చెప్పాపెట్టకుండా పోతాడు.

ఇంకొక్క మాట. వెళ్ళినప్పుడు అక్షరాల మీద సుద్ద రుద్దకండి, నీళ్ళు చల్లకండి, పక్కన పేర్లు చెక్కకండి. 2,280 ఏళ్ళ ఎండావానా చేయని పని ఒక మేకు ఒక్క నిమిషంలో చేస్తుంది. అలాగే మన ఊరి చివర, చెరువు కట్ట మీద, పొలం గట్టున రాతలున్న రాయి కనిపిస్తే పునాదిలో వేయకుండా ఆపండి. రైస్ తిరిగింది ఎడ్లబండ్ల రోజుల్లో. ఆయన కంట పడనిది ఇంకా ఏ చేలో ఉందో!

ఎర్రగుడి గుట్ట దిగి బస్సెక్కితే చీకటి పడేలోగా బాగేపల్లి చేరొచ్చు. కొడికొండ దగ్గర మళ్ళీ బోర్డులు మారతాయి. మాట మాత్రం మారదు.